ఆకుపచ్చ చుక్క

జీడిపేట,
8 ఏప్రిల్ 2024

మిరియం అత్తకు వందనాలు.

మొన్న ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ కుక్కర్‌లా ఈల వేసింది. నేను నాన్న సంగతి చెబుతుంటే నువ్వు నాన్‌స్టాప్ బస్సు సంగతి చెప్పావు. చివరికి విసుగొచ్చి, "రాయే అమ్మా, కాయితం మీద రాయి. నీ వాట్సాపు అచ్చరాలు సీమల్లాగున్నాయి, నాకు కనపడవు" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కాలేజీ వదిలాక చేత్తో ఇంత రాయడం ఇదే మొదలు. దస్తూరి చూసి తిట్టకు.

నాన్న బాగానే ఉన్నాడు. డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే ఇద్దరం పలాస బస్సెక్కుతాం. ఆయన లోపల మంచం మీద పడుకుంటాడు. నేను వరండాలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేసుకుంటాను. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన జబ్బులకు కోడ్ నంబర్లు వేయడమే కదా నా పని, ఎక్కడ కూర్చున్నా ఒకటే. హైదరాబాద్ ఆఫీసు వాళ్లు ఇంటి నుంచి చేసుకోమని ఒప్పుకోబట్టి సరిపోయింది. లేకపోతే అమ్మ పోయిన ఇంట్లో ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి అక్కడ ఎలా ఉండేదాన్నో తలుచుకుంటేనే భయం. ఆ ఒక్క విషయంలో వాళ్లు ఏం చెప్పినా వినాలనిపిస్తుంది.

ఇంకో విశేషం, నాకు ప్రైజొచ్చింది! ఉద్యోగుల ఆరోగ్యం కోసమని మా కంపెనీ ఒక కార్యక్రమం పెట్టింది. పని మధ్యలో తెరమీద "నీళ్లు తాగారా?" అని ఒక చిన్న పెట్టె వస్తుంది. తాగామని నొక్కితే వెళ్లిపోతుంది. మా టీములో అందరికంటే ఎక్కువగా నొక్కింది నేనేనట. స్టీలు సీసా పంపారు. అందులో చల్లటి నీళ్లు సాయంత్రం దాకా చల్లగానే ఉంటాయి. నాకంటే నీకే పనికొస్తుందని టెక్కలి వచ్చే రవిశంకర్ అన్నయ్య చేతికిచ్చాను. ఆదివారం గుడికి పట్టుకెళ్లి గొప్పలు చెప్పుకో.

అన్నం బల్ల దగ్గరి ప్లాస్టిక్ కుర్చీయే నా ఆఫీసు. నడుం కాస్త పట్టేస్తోంది, అంతకు మించి ఏమీ లేదు.

నీ మేనకోడలు,
నయోమి

---

టెక్కలి,
17 ఏప్రిల్ 2024

నా తమ్ముడి ముద్దుల కూతురికి,

సీసా అందింది. స్త్రీల సమాజం కూడికలో బల్ల మీద నిలబెట్టి మరీ చూపించాను. నీళ్లు తాగినందుకు బహుమతులిచ్చే ఉద్యోగాలుంటాయని ఒక్కరూ నమ్మలేదు. పాస్టరమ్మ మూత తీసి వాసన కూడా చూసింది.

ఇక అసలు విషయానికొస్తాను. రావివలసలో పెళ్లికొచ్చి మీ నాన్న ఒక పూట నా దగ్గరున్నాడు. తినేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ, వాడి సంగతి నీకు తెలిసిందే. వాడే చెప్పాడు. "అప్పా, మన గుంట నయోమి నీల్లు ముట్టట్లేదు. నాకు డాక్టరు కొలిసి ఇత్తాడు గదా, నాను దాహంతో ఉంటే తనెలాగ తాగుద్దని అదీ మానీసినాది. తాగవే అంటే, తరవాత తాగుతానులే నాన్నా అంటది" అన్నాడు. అని కళ్లొత్తుకున్నాడు. మీ అమ్మ పోయిన రోజు తర్వాత మత్తయి కళ్లొత్తుకోవడం నేను చూడలేదు.

నయోమీ, నీ మనసు బంగారం. నాకు కడుపు నిండిపోయింది. కానీ ఉపవాసం తిండికి ఉండాలి గానీ నీళ్లకు కాదు. వాడికి తెలియకుండా వంటింట్లోకి వెళ్లి తాగు. అలాగే తాగుతున్నావేమో కూడా, లేకపోతే ప్రైజెలా వస్తుంది? మీ నాన్న అమాయకుడు, వాడికి కనపడదంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంకో మాట. కాశీబుగ్గలో ప్రదీప్ కుమార్ అని స్కూలు మాస్టారు, మంచి కుర్రాడు, గిటారు వాయిస్తాడు. వాళ్లమ్మ రజని మన వాళ్లకు తెలిసిన మనిషే. నీ సంగతి కదిపాను. నీకు ఇంటి నుంచే ఉద్యోగం అనేసరికి వాళ్లకు మహా ముచ్చటేసింది. నువ్వు 'ఊ' అంటే మాట్లాడతాను.

చెవులు పనిచేయకపోయినా నోరు పనిచేస్తున్న,
అత్త

---

జీడిపేట,
2 మే 2024

అత్తా,

నాన్న అలా అన్నాడా? నాతో ఒక్క ముక్క అనలేదు. ఆయన అలా అనుకుంటే అనుకోనీ, నువ్వు కూడా అలాగే ఉంచుకో. బంగారమని ఎవరైనా అంటే కాదనడానికి నాకేం పిచ్చా?

ప్రదీప్ గారి ఫొటో చూశాను. గిటారు సంగతి తెలియదు గానీ నవ్వు బాగుంది. మాట్లాడు. కానీ తొందర పెట్టకు. నాన్నను పలాస తీసుకెళ్లడానికి కాశీబుగ్గయితే దగ్గరే కదా అని ఇప్పటికే లెక్కలేసుకుంటున్నాను, సిగ్గు లేకుండా.

ఇక్కడ ఎండ చంపేస్తోంది. కొబ్బరి తోటలో కూడా గాలి లేదు. పని మాత్రం తగ్గలేదు. తెరమీద మా అందరి పేర్ల పక్కన ఒక్కో చుక్క ఉంటుంది. పనిలో ఉంటే ఆకుపచ్చ, కాసేపు చెయ్యి కదపకపోతే పసుపు. పసిపిల్లను చూసుకున్నట్టు దాన్ని చూసుకోవాలి. మా టీమ్ లీడ్ ధనుంజయ్ సార్ చెడ్డవాడు కాదు. "నయోమీ, నీ చుక్క బాగుంటే చాలు, నిన్ను ఇక్కడికి రమ్మని ఎవరూ అడగరు" అని ఆయనే చెప్పాడు. ప్రస్తుతానికి బాగుంది.

నడుం నొప్పికి మందసలో ఢిల్లీబాబు షాపు నుంచి మాత్రలు తెప్పించుకున్నాను. వేసుకుంటే నొప్పి ఇట్టే పోతుంది, మానేస్తే ఇట్టే వస్తుంది. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల వార్ల గుర్తులు పడుతున్నాయి. కూర్చుని కూర్చుని అంతే. నాన్నకు చూపించలేదు, నువ్వూ చెప్పకు.

మామిడి తాండ్ర అయిపోయింది. ఇది అడగడం కాదు, సమాచారం మాత్రమే.

నయోమి

---

టెక్కలి,
14 మే 2024

నయోమీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు కూడు సహించడం లేదు. పాదాలు పొంగడమా? మీ అమ్మకూ అలాగే మొదలైందమ్మా. చెప్పులు బిగుతయ్యాయని కొత్తవి కొనుక్కుంది. మేమంతా నవ్వాం కూడా.

నీళ్లు తాగడం లేదు, పాదాలు వాచాయి, నాన్నకు చెప్పొద్దంటున్నావు. నాకు అర్థమైపోయింది. నీకు ముందే తెలుసు, దాస్తున్నావు. నీళ్లు మానింది కూడా మీ నాన్న మీద జాలితో కాదు, డాక్టరెవరో కొలిచి తాగమని చెప్పాడు. అవునా కాదా?

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాను. మొన్న ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడ్డాను. "జీడిపేటలో ఉన్న నా మేనకోడలు నయోమికి కిడ్నీల జబ్బు సోకింది, వాళ్లమ్మను తీసుకుపోయిన జబ్బే, అందరూ కన్నీళ్లతో ప్రార్థించండి" అని అడిగాను. సంఘమంతా మోకరించింది. నాకు ఏమీ వినపడలేదు గానీ అందరి భుజాలూ కదలడం చూశాను. ధైర్యమొచ్చింది.

తాండ్ర పంపుతున్నాను. తినొచ్చో లేదో ముందు డాక్టర్ని అడుగు.

అత్త

---

జీడిపేట,
27 మే 2024

మిరియం అత్తకు,

తాండ్ర వెనక్కి పంపుతున్నాను.

నీ ప్రార్థన ఎంత బాగా పనిచేసిందో చెబుతాను విను. రజని గారి అక్క మీ సంఘంలోనే ఉందట, మోకరించిన వాళ్లలో ఆవిడా ఉందట. మధ్యాహ్నానికల్లా ఆ మాట కాశీబుగ్గ చేరిపోయింది. రజని గారు నాన్నకు ఫోన్ చేసి చాలా మర్యాదగా, "మీ పిల్లకి రక్తపరీచ్చ సేయించి ఆ కాయితం ఓపాలి పంపండి అన్నయ్యా, ఏటీ అనుకోకండి" అన్నారు. నాన్న ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "నీకూ వచ్చీసినాదేటమ్మా? నాకు సెప్పనేదేటి?" అన్నాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోలేను.

ఇంటింటా కిడ్నీల జబ్బున్న మన ఉద్దానంలో ఆడపిల్ల పేరు పక్కన ఆ మాట ఒకసారి పడిందంటే ఎలా ఉంటుందో నీకు తెలియదా? పరీక్ష బాగున్నా, "అప్పుడేదో అన్నారు కదా" అంటారు. నన్ను అడగకుండా, ఒక్క ముక్క రాసి కనుక్కోకుండా, నిండు గుడిలో లేచి చెప్పేశావు. నాకు తల కొట్టేసినట్టుంది.

నేను నీళ్లెందుకు తాగనో ఇప్పుడు చెబుతున్నాను. జబ్బూ కాదు, నాన్న మీద ప్రేమా కాదు. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని! నెట్ వైరు ముందుగదికే వచ్చింది. బాత్రూం పెరట్లో, నూతి అవతల, జీడిగింజలు ఎండేసే కళ్లం దాటాక. వెళ్లి వచ్చేలోగా చుక్క పసుపైపోతుంది. రోజుకు ఇన్నిసార్లని పెట్టిన లెక్క దాటితే "మీకు ఇంటి వాతావరణం పనికి అనుకూలంగా లేనట్టుంది, ఆఫీసుకు రండి" అని ఉత్తరం వస్తుంది. మాతో పనిచేసే ఐశ్వర్యకు వచ్చింది, అనకాపల్లి వదిలి హైదరాబాద్ వెళ్లిపోయింది. నేను వెళ్లిపోతే నాన్నకు ఎవరున్నారు? పలాస వరండాలో కూడా అంతే, లాప్‌టాప్ ఎవరి మీద వదిలి వెళ్లను? అందుకని దాహం వేసినా ఊరుకోవడం నేర్చుకున్నాను. "నీళ్లు తాగారా?" పెట్టె వస్తే అవునని నొక్కేదాన్ని. నొక్కకపోతే అది పోదు, పని సాగదు. ఆ సీసా అబద్ధానికి ఇచ్చిన ప్రైజు.

రేపే పలాసలో పరీక్ష చేయించుకుంటున్నాను. కాయితం వచ్చాక రజని గారికొకటి, నీకొకటి పంపుతాను. నీది ఆదివారం ఆరాధనలో చదివి వినిపించు.

నయోమి

---

టెక్కలి,
3 జూన్ 2024

నయోమీ,

రజని వాళ్లక్క పక్క బెంచీలోనే కూర్చుంటుంది. ఆ సమయంలో నాకు ఆవిడ గుర్తురాలేదు, మీ అమ్మ గుర్తొచ్చింది. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు. నువ్వు తిట్టింది న్యాయమే. చదువుతుంటే ఏడుపొచ్చింది, అదీ రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం నా బుర్రకెక్కలేదు. ఆ చుక్క పసుపైతే ఎవరు చూస్తారు? మనిషా, మిషనా? మనిషైతే, "బాబూ, నేను బాత్రూంకి వెళ్లాను" అని చెప్పకూడదా? వాడూ వెళ్తాడు కదా! నీళ్లు తాగమనేదీ వాళ్లే, లేస్తే వెంటపడేదీ వాళ్లే అయితే వాళ్లలో వాళ్లు మాట్లాడుకోరా? నాకు చెవుల్లేవు, వాళ్లకేమైంది?

తాండ్ర నేనే తినేస్తున్నాను. కోపం తగ్గాక మళ్లీ పంపుతాను.

మిరియం

---

జీడిపేట,
15 జూన్ 2024

అత్తా,

కాయితం వచ్చింది.

కిడ్నీల లెక్క చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంది.

నీ మీద కోపంతో వెళ్లాను. నీ మాట తప్పని నీ మొహాన కొట్టాలని వెళ్లాను. కాయితం చేతికివ్వగానే డాక్టరు చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. ఆ జబ్బుకు ఏ కోడ్ వేయాలో నాకు నోటికి వచ్చు. రోజూ ఎవరెవరికో వేస్తుంటాను. నా పేరు మీద చూశాక వెళ్లి వరండాలో కూర్చున్నాను. నేనెప్పుడూ కూర్చునే చోటే.

డాక్టరమ్మ చిన్నావిడ. నీళ్లెన్ని తాగుతావని అడిగారు. అలవాటు కొద్దీ 'తాగుతానండి' అనబోయి ఆగాను. అంతా చెప్పాను. నడుం నొప్పి మాత్రలు చూపిస్తే ఆవిడకు కోపమొచ్చింది. "ఎండాకాలంలో నీళ్లు మానేసి పైన కిడ్నీల్ని దెబ్బతీసే ఇవి వేసుకున్నావా? ఇది మీ ఇంటి జబ్బో, నువ్వు చేతులారా తెచ్చుకున్నదో ఇప్పుడే చెప్పలేను. మాత్రలు ఆపు, నీళ్లు తాగు, మళ్లీ పరీక్ష చేద్దాం. మీ అమ్మా నాన్నలకు ఉంది కాబట్టి నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఇంకో నాలుగు నెలలు ఇలాగే చేసుంటే నాకు ఈమాత్రం చెప్పే అవకాశం కూడా ఉండేది కాదు" అన్నారు.

అత్తా, నువ్వు గుడిలో లేచి నిలబడకపోతే ఆ నాలుగు నెలలూ అలాగే గడిచిపోయేవి. నేను పరీక్షకు వెళ్లేదాన్ని కాదు. నువ్వు చెప్పింది తప్పు, చేసింది తప్పు, అయినా నన్ను పరీక్ష దాకా నెట్టింది నువ్వే. ఎలా కోప్పడాలో, ఎలా దండం పెట్టాలో తెలియకుండా ఉంది.

నాన్నకు చెప్పాను. తన కొలత గ్లాసు తీసి నా ముందు పెట్టి నింపాడు. "తాగు. నా ఎదరే తాగు. నాకు దాహమేస్తే ఏయనీ, నువ్వు తాగుతంటే సూత్తాను" అన్నాడు. నేను తాగుతుంటే ఆయన గొంతు కదిలింది. అయినా గ్లాసు ఖాళీ చేశాను.

ధనుంజయ్ సార్‌కు ఫోన్‌లో చెప్పాను. "చెప్పి వెళ్లాల్సిందమ్మా" అన్నాడు. ఎవరికి చెప్పాలి సార్ అన్నాను. "అదీ నిజమే. ఆ లెక్క నేను చూడను, సిస్టమ్ చూస్తుంది. నేను కూడా మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవను" అన్నాడు. నీ ప్రశ్నకు జవాబు అదే అత్తా. చూసేది మనిషి కాదు.

ఆ మర్నాడు మీటింగులో అందరూ ఉండగా, "నేను బాత్రూంకి వెళ్తున్నాను, కాస్త ఆలస్యమవుతుంది" అని చెప్పి లేచాను. కళ్లం దాటి నెమ్మదిగా నడిచి వెళ్లాను. ఎప్పుడూ పరుగే కదా, ఈ మూడునెలల్లో పెరట్లో పనస కాసిందని కూడా నాకు తెలియదు. తిరిగొచ్చేసరికి చుక్క పసుపు. నీళ్లు తాగి మళ్లీ మళ్లీ అలాగే వెళ్లాను, లెక్క దాటింది. సాయంత్రానికి ఉత్తరం వచ్చింది, పై నెల నుంచి ఆఫీసుకు రమ్మని. అందులో చివరన, నీళ్లు బాగా తాగండి, ఆరోగ్యం జాగ్రత్త అని ఉంది.

రజని గారికి కాయితం పంపాను. అబద్ధం చెప్పి చెప్పి విసుగొచ్చింది. జవాబు లేదు.

నాన్నను ఎవరు తీసుకెళ్తారన్నదొక్కటే నన్ను తినేస్తోంది.

నయోమి

---

టెక్కలి,
21 జూన్ 2024

నయోమీ,

బట్టలు సర్దుకున్నాను. జూలై ఒకటో తేదీ సోమవారం జీడిపేట వస్తున్నాను, ఉండడానికే. మత్తయిని పలాస నేను తీసుకెళ్తాను. బస్సులో పక్కన కూర్చోవడానికి చెవులక్కర్లేదు. కండక్టరు అరిస్తే వాడు వింటాడు, వాడికి నీరసమొస్తే నేను మోస్తాను. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతాం. కాదనకు, కాదన్నా నాకు వినపడదు.

నేను వచ్చాక నువ్వు హైదరాబాద్ వెళ్తావో, ఆ ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి ఇంకోటి వెతుక్కుంటావో నీ ఇష్టం. మీ నాన్న పేరు చెప్పి మాత్రం వాళ్లు నిన్ను కుర్చీకి కట్టేయలేరు. నాకు కావలసింది అంతే.

ఇంకోటి అడగాలి. ముప్పయ్యో తేదీ ఆదివారం నాకు ఇక్కడ ఆఖరి ఆరాధన. మనవులు చెప్పమన్నప్పుడు నేను లేవనా, కూర్చోనా? లేస్తే ఏమని చెప్పను? ఈసారి నిన్ను అడగకుండా నోరు తెరవను. నువ్వు వద్దంటే మనసులోనే చెప్పుకుంటాను, ఆయనకు వినపడుతుంది. జవాబు ఆ ముందు శనివారంలోగా నాకు చేరేలా రాయి.

సీసా తెస్తున్నాను. అది ఇక నీ దగ్గరే ఉండాలి.

అత్త

---

జీడిపేట,
26 జూన్ 2024

అత్తా,

నీ కోసం ముందుగది ఖాళీ చేశాను. నెట్ వైరు లాగించి నా బల్ల వెనక వసారాలో, నూతి పక్కకు మార్చుకున్నాను. ఈ నెలాఖరు దాకా అక్కడే. తర్వాత ఏమిటో ఇంకా తేల్చుకోలేదు.

రెండో పరీక్ష అయింది. కొంచెం దిగింది, పూర్తిగా దిగలేదు. 'చూద్దాం' అన్నారు డాక్టరమ్మ. ఆ ఒక్క మాట పట్టుకుని తిరుగుతున్నాను. భయంగానే ఉంది.

కాశీబుగ్గ నుంచి కబురు లేదు. రాదు కూడా. ప్రదీప్ గారి ఫొటో నాన్న ఇంకా బైబిల్లోనే ఉంచాడు, నేను తీయమనలేదు.

ఆదివారం లేచి నిలబడు అత్తా. మనసులో వద్దు, పైకే చెప్పు. నా పేరు చెప్పు, ఊరి పేరు చెప్పు. జబ్బు సోకిందని కాదు, ఏం జరిగిందో అది చెప్పు. చుక్క ఆకుపచ్చగా ఉండాలని నా మేనకోడలు దాహం చంపుకుంది, తాగానని అబద్ధం నొక్కింది, ఇప్పుడు బాగవుతుందో లేదో తెలియదు అని చెప్పు. మీ సంఘంలో ఇళ్లలో కూర్చుని ఇలా పనిచేసే పిల్లలు నాకు తెలిసే ముగ్గురున్నారు. వాళ్ల అమ్మలు ఆ బెంచీల్లోనే ఉంటారు. ఇంటికెళ్లి పిల్లల్ని అడుగుతారు.

ప్రార్థన చివర్లో చేయించు. ముందు అందరికీ తలో గ్లాసు నీళ్లిప్పించు.

నయోమి